దాచిన సంకర మిరప గింజకు మందు లేదు

ప్రశ్న: నిరుడు సంకర మిరపలో మంచి కాయలు ఏరి, గింజ తీసి ఈసారి రెండెకరాల్లో వేశాను. కొన్ని మొక్కలు నడుమెత్తు, కొన్ని మోకాలెత్తు ఉన్నాయి. కాయ కూడా ఒక్కతీరుగా లేదు. ఆకులు మాత్రం ముడుచుకోలేదు. బొబ్బర తెగులని దుకాణంలో చెబితే మూడుసార్లు మందు కొట్టాను. ఇంటర్ చదివే మా అమ్మాయి క్షయకరణ విభజన వల్ల అంటోంది. కణాలు చిన్నవై మొక్క పొట్టిదవుతుందా? ఇంకేం మందు కొట్టాలి?
– ఒక రైతు, ప్రత్తిపాడు మండలం, గుంటూరు జిల్లా

జవాబు: ఇంకేమీ కొట్టకండి. బొబ్బర వస్తే ఆకు ముడుచుకుని, చిన్నదై, మొక్క గిడసబారుతుంది. మీ పొలంలో ఆకు బాగుంది. తేడా గింజలో ఉంది. మీ అమ్మాయి చెప్పింది నిజం, మీరు అర్థం చేసుకున్నది కాదు.

మిరప కణంలో గుణాలను మోసే పోగులు, అంటే క్రోమోజోములు, 24 ఉంటాయి, తల్లి వైపువి 12, తండ్రి వైపువి 12. మొగ్గ దశలోనే పరాగకోశం (పుప్పొడి తయారయ్యే సంచి) లోని మాతృకణంలో ఇవి ఒక్కసారి రెట్టింపై, జంటలుగా చేరి ముక్కలు మార్చుకుంటాయి. ఆపైన కణం వెంటవెంటనే రెండుసార్లు చీలుతుంది. మీ అమ్మాయి చెప్పిన క్షయకరణ విభజన ఇదే. మధ్యలో పెరిగే వ్యవధి లేదు కనుక ఒక కణంలోని సరుకునే నాలుగు కణాలు పంచుకుంటాయి. అందుకే పుట్టినప్పుడు అవి మాతృకణం కన్నా బాగా చిన్నవి, ఒక్కోదానిలో 12 క్రోమోజోములే. తర్వాత పుప్పొడి రేణువులుగా పెరుగుతాయి. అండం వైపు నాలుగింటిలో మూడు నశించి, ఒక్కటే నిలుస్తుంది. ఫలదీకరణతో మళ్లీ 24 అవుతాయి, మొక్క కణాలు మామూలు పరిమాణానికే పెరుగుతాయి. కాబట్టి పొట్టితనం కణం చిన్నదవడం వల్ల వచ్చింది కాదు.

ఏ జంటలో ఏది ఎటు వెళ్లేదీ విడివిడిగా తేలుతుంది. ముక్కల మార్పిడిని పక్కన పెట్టినా 4,096 రకాల పుప్పొడికి వీలుంది, అండాలకూ అంతే. సంకర మొక్కలో కలిసి ఉన్న తల్లిదండ్రుల గుణాలు దాని గింజలో విడిపోయాయి. దీన్ని ఏ మందూ సరిచేయదు.

దుకాణదారుడు మీ పొలం చూశాడా? ఆకు చూడకుండా తెగులు పేరు చెప్పేవారి మాట మీద మూడుసార్లు కొట్టారు! ఆ మందుకు మిత్రపురుగులు చనిపోతే తామర పురుగుకు అడ్డుండదు. ఇకనైనా పువ్వులు దులిపి, పురుగు కనిపిస్తేనే మందు ఆలోచించండి. కోసిన కాయను సైజు వారీగా వేరుచేసి అమ్మండి.

వచ్చే ఏడాది సంకరమైతే కొత్త విత్తనమే కొనండి. గింజ దాచుకోవాలంటే లాం పరిశోధన కేంద్రం ఎల్‌సీఏ 334 లాంటి సూటి రకం (సంకరం కానిది) వేయండి. అదైనా తేనెటీగల వల్ల కలుస్తుంది, విత్తనపు మడికి 400 మీటర్లలోపు వేరే మిరప ఉండకూడదు. కిలో గింజను, లీటరు నీటిలో 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ కలిపి 20 నిమిషాలు నానబెట్టి, మంచినీటితో రెండు మూడుసార్లు కడిగి నీడలో ఆరబెట్టండి. నారు పోసే ముందు 3 గ్రాముల మాంకోజెబ్ పట్టించండి.