నాన్నగారికి 49 ఏళ్లకే గుండెపోటు వచ్చింది, నేను ‘ఎపిజెనెటిక్ వయసు’ పరీక్ష చేయించుకోవాలా?

మీరు అడిగినవి రెండు. ల్యాబ్ వాళ్లు చెబుతున్న ఎపిజెనెటిక్ వయసు పరీక్షకు, అంటే జన్యువుల మీది రసాయన మచ్చలు చూసి శరీరం వయసు లెక్కగట్టే పరీక్షకు, డబ్బు పెట్టొచ్చా? సిగరెట్ మానేస్తే జన్యువుల మీద పడ్డ మచ్చలు పోతాయా? మొదటిదానికి నా జవాబు వద్దనే. రెండోదానికి వస్తే, చాలావరకు పోతాయి, అన్నీ పోవు.

ఈ మచ్చల్లో డీఎన్ఏ అక్షరాలేమీ మారవు. వీటిని చదివే శాస్త్రమే ఎపిజెనెటిక్స్. సైటోసిన్ అనే అక్షరానికి మిథైల్ సమూహం అనే చిన్న రసాయన తునక అతుక్కుంటుంది, లేదా ఊడిపోతుంది. జన్యువు మొదలయ్యే చోట ఇవి దట్టంగా అతుక్కుంటే సాధారణంగా ఆ జన్యువు అణిగిపోతుంది. పొగ విషయంలో అందరికంటే బాగా తెలిసిన చోటు ఏహెచ్ఆర్ఆర్ జన్యువులో ఉంది. పొగ తాగేవాళ్ల రక్తంలో అక్కడ మిథైల్ తగ్గిపోతుంది, ఎక్కువ కాల్చేవాళ్లకు మరీ తక్కువ. మానేశాక మెల్లగా తిరిగి పెరుగుతుంది. ఇలాంటి చోట్లలో చాలావరకు ఐదేళ్లలోపు మామూలు స్థితికి దగ్గరవుతాయి, కొన్ని మాత్రం 30 ఏళ్లయినా కదలవు.

ఆ కొన్నిటి గురించి బెంగపడొద్దు. పొగ మానేసిన ఏడాదికే దానివల్ల అదనంగా వచ్చిన గుండెజబ్బు ముప్పు సుమారు సగానికి పడిపోతుంది, మచ్చలు ఇంకా అలాగే ఉండగానే. అంటే ఆ మచ్చ చాలావరకు మీరెంత పొగ పీల్చారో రాసిపెట్టిన పద్దే గానీ గుండెపోటు తెచ్చేది అదే అనుకోనక్కర్లేదు.

ల్యాబ్ పరీక్షతో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వాళ్లు చూసేది రక్తంలోని తెల్లకణాలను, గుండె రక్తనాళపు గోడను కాదు. తెల్లకణాల్లోనే న్యూట్రోఫిల్స్ అనే రకం మిథైల్ తీరు వేరు, లింఫోసైట్లు అనే రకానిది వేరు. జ్వరం వచ్చిన వారంలో రక్తమిస్తే వీటి పాళ్లు మారి, సరిచేసే లెక్క కట్టకపోతే ఫలితమూ మారుతుంది. ఈ వయసు లెక్కలనే గడియారాలంటారు. 2013లో వచ్చిన హోర్వాత్ గడియారం డీఎన్ఏలో 353 చోట్లను చూసి వయసు చెబుతుంది. అలాంటి పాత గడియారాల్లో ఒకే నమూనాను రెండుసార్లు పరీక్షించినా కొన్నేళ్ల తేడా రావచ్చు. తర్వాత వచ్చిన గ్రిమ్‌ఏజ్ ముప్పును మెరుగ్గానే పట్టుకుంటుంది, కానీ అందులో పొగ అంచనా కూడా కలిపి ఉంది. మీరు సిగరెట్ కాల్చారన్న సంగతి డబ్బు కట్టి మీరే తెలుసుకోవడం దేనికి?

ఎపిజెనెటిక్స్ నిజంగా పనికొచ్చే పాఠం చెప్పింది షుగర్ విషయంలో. అమెరికా, కెనడాల్లో 1983 నుంచి 1993 వరకు జరిగిన డీసీసీటీ ట్రయల్‌లో టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లలో ఒక జట్టుకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) 7 శాతం దగ్గర, రెండో జట్టుకు 9 దగ్గర నడిచింది. ట్రయల్ ముగిశాక రెండు జట్లూ 8 దగ్గరికే చేరాయి. అయినా మొదట్లో అదుపులో ఉన్న జట్టులో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 57 శాతం తక్కువని 2005లో తేలింది. షుగర్ ఎక్కువగా ఉన్నవాళ్లలో టీఎక్స్‌ఎన్‌ఐపీ జన్యువు మీద తగ్గిన మిథైల్, ట్రయల్ అయిపోయిన 16, 17 ఏళ్ల తర్వాత తీసిన నమూనాల్లోనూ అలాగే ఉంది. అందుకే “ఇప్పుడు 8 ఉంది, తర్వాత చూద్దాంలే” అనడం తప్పు. షుగర్ బయటపడ్డ మొదటి ఏళ్లలోనే గట్టిగా పట్టాలి.

ఇంకో మాట, “మిథైలేషన్ సపోర్ట్” పేరుతో అమ్మే ఫోలిక్ యాసిడ్, బీ12 మాత్రల గురించి. 2006లో వెలువడిన హోప్-2 ట్రయల్‌లో రోజుకు 2.5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్, 50 మిల్లీగ్రాముల బీ6, 1 మిల్లీగ్రాము బీ12 ఇచ్చారు. గుండెకు ముప్పని అనుమానించిన హోమోసిస్టీన్ అనే పదార్థం రక్తంలో తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదు. శాకాహారులై బీ12 నిజంగా తక్కువుంటే వేసుకోండి, అది నరాలకూ రక్తానికీ అవసరం. గుండె కోసమని మాత్రం వద్దు.

ఆ పరీక్షకు పెట్టే డబ్బుతో ఇవి చేయించుకోండి: లిపిడ్ ప్రొఫైల్, హెచ్‌బీఏ1సీ, వేర్వేరు రోజుల్లో బీపీ. టేపు తీసుకుని నడుము కొలవండి, మనవాళ్లలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. వీటితోపాటు రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే లైపోప్రొటీన్ (ఎ) అనే కణం పరీక్ష జీవితంలో ఒక్కసారి. ఇది మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో రాదు, విడిగా అడగాలి. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ. కొన్ని ల్యాబ్‌లు నానోమోల్స్‌లో ఇస్తాయి, అక్కడ హద్దు 125. యూనిట్ చూసుకోకుండా కంగారు పడేవాళ్లు చాలామంది. ఇది మచ్చల వల్ల వచ్చేది కాదు, డీఎన్ఏ అక్షరాల్లోనే రాసి ఉంటుంది కాబట్టి తిండి మార్చినా పెద్దగా కదలదు. ఎక్కువుంటే ఎల్‌డీఎల్‌ను (చెడు కొలెస్ట్రాల్‌ను) మామూలుకంటే కిందికి దించాలి, ఎంతకు దించాలో కార్డియాలజిస్టుతో మాట్లాడండి. ఎల్‌డీఎల్ డెసిలీటరుకు 190 మిల్లీగ్రాములు దాటి ఉంటే వంశపారంపర్య కొలెస్ట్రాల్ జబ్బేమో చూడమనండి. 49 ఏళ్లకే నాన్నగారికి వచ్చింది కాబట్టి మీ అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ ఇవే పరీక్షలు చేయించండి.