జీతం లక్ష పౌండ్లు దాటితే ముందు పెన్షన్ సంగతి చూసుకో

అమ్మలూ,

జీతం పెరిగిందని నువ్వు ఫోన్‌లో చెప్పగానే చాలా సంతోషమేసింది. ఆ వెంటనే ఇది రాయాలనిపించింది, ఎందుకంటే ఈ బ్రిటన్‌లో జీతం లక్ష పౌండ్లు దాటిన మన పిల్లలు చాలామంది ఒక్క ఈ విషయం పట్టించుకోక ఏటా వేలకు వేలు వదిలేసుకుంటున్నారు.

ఇప్పుడు పెన్షన్‌కి పోయేది పోను నీ జీతం ఏడాదికి 1,12,000 అన్నావు. లక్ష దాటిన ఆ 12,000 మీద నువ్వు కట్టేది 40 శాతం కాదు, 60 శాతం. పన్ను రేట్ల పట్టికలో ఇది ఎక్కడా కనిపించదు. అందరికీ పన్ను లేకుండా వదిలేసే 12,570 ఉంది చూడు, పర్సనల్ అలవెన్స్, అది లక్ష దాటిన ప్రతి రెండు పౌండ్లకి ఒక పౌండు చొప్పున కరిగిపోతూ 1,25,140 దగ్గరికి వచ్చేసరికి సున్నా అవుతుంది. అంటే నీ 12,000 మీద 4,800 పన్ను, పోయిన 6,000 అలవెన్స్ మీద ఇంకో 2,400, పైన నేషనల్ ఇన్సూరెన్స్, అంటే జీతంలోంచి ప్రభుత్వం విడిగా కోసుకునే చందా, 240. అన్నీ పోగా నీ చేతికొచ్చేది 4,560. స్కాట్లాండ్‌లో ఉండేవాళ్ళకైతే అక్కడి రేట్ల వల్ల ఇన్‌కమ్ ట్యాక్సే 67.5 శాతం దాకా పడుతుంది. 2010లో పెట్టిన ఈ లక్ష హద్దుని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పెంచలేదు, అది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

అదే 12,000 శాలరీ శాక్రిఫైస్ కింద, అంటే ఆ మేరకు జీతం తగ్గించుకుని కంపెనీ చేతే, నేరుగా పెన్షన్‌లో వేయించావనుకో, మొత్తం నీ పేరు మీదే ఉంటుంది. నెలకి చేతికొచ్చేది 380 తగ్గుతుంది, అంతే.

ఇక బుజ్జిగాడి నర్సరీ సంగతి, నీకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం. వారానికి 30 గంటల ఫ్రీ చైల్డ్‌కేర్, ట్యాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ కింద ఏడాదికి 2,000 దాకా వచ్చే సాయం, ఈ రెండూ తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరి ఆదాయం లక్ష దాటినా పూర్తిగా ఆగిపోతాయి. కొంచెం కొంచెం తగ్గడం ఉండదు, ఒక్క పౌండు ఎక్కువైనా మొత్తం పోతుంది. ఇద్దరూ చెరో 99,000 సంపాదిస్తే మాత్రం రెండూ వస్తాయి! వాళ్ళు చూసేది అడ్జస్టెడ్ నెట్ ఇన్‌కమ్, పెన్షన్‌కి కట్టింది అందులోంచి తీసేస్తారు కాబట్టి హద్దు లోపల ఉండటం నీ చేతిలో పనే. జీతం ఒక్కటే లెక్కేసుకోకు. బోనస్, చేతికొచ్చిన కంపెనీ షేర్లు, బ్యాంకు వడ్డీ, నువ్వు ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది కాబట్టి ఇండియాలో ఫ్లాట్ మీద వచ్చే అద్దె కూడా, అన్నీ అందులోకే వస్తాయి. అందుకని సరిగ్గా లక్ష దగ్గర ఆపకుండా ఇంకాస్త కిందికి తెచ్చుకో.

డబ్బు ఏ దారిలో పెన్షన్‌లోకి వెళ్తోందో పేరోల్ వాళ్ళని, అదే మీ కంపెనీలో జీతాలు లెక్కేసేవాళ్ళని, తప్పకుండా అడుగు. శాలరీ శాక్రిఫైస్ అయితే నువ్వు వేరే చేయాల్సింది లేదు, నేషనల్ ఇన్సూరెన్స్ కూడా మిగులుతుంది, కంపెనీ తన వంతు కట్టాల్సిన నేషనల్ ఇన్సూరెన్స్ కూడా తగ్గుతుంది, అలా మిగిలిన దాంట్లో కొంత కొన్ని కంపెనీలు మన పెన్షన్‌కే కలుపుతాయి. 2029 ఏప్రిల్ నుంచి ఏడాదికి 2,000 దాటిన శాక్రిఫైస్ మీద నేషనల్ ఇన్సూరెన్స్ వేస్తామని 2025 నవంబర్ బడ్జెట్‌లో ప్రకటించారు, అయినా ఇన్‌కమ్ ట్యాక్స్ లాభం పోదు. నీ అకౌంట్ నుంచి నువ్వే కడితే, 9,600 కడితే పెన్షన్ కంపెనీ 2,400 తెప్పించి 12,000 చేస్తుంది, మిగతా 4,800 మాత్రం నువ్వు సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో, అంటే నువ్వే వేసే పన్ను రిటర్న్‌లో, లేదా అది వేయకపోతే పన్ను శాఖని నేరుగా అడిగితేనే వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, వచ్చిన ఇరవై శాతంతోనే అంతా అయిపోయిందనుకుని. ఎవరైనా అలా వదిలేసి ఉంటే గడిచిన నాలుగేళ్ళ దాకా వెనక్కి అడగొచ్చని అల్లుడితో కూడా చెప్పు.

శాక్రిఫైస్ చేస్తే కాగితం మీద జీతం తగ్గుతుంది. ఇల్లు కొనే ఆలోచన ఉంటే లోన్ ఇచ్చేవాళ్ళు ఏ జీతం చూస్తారో ముందే కనుక్కో. రెండో బిడ్డ గురించి అనుకుంటుంటే ఇంకా జాగ్రత్త, చట్టప్రకారం మొదటి ఆరు వారాలు ఇచ్చే మెటర్నిటీ పే ఆ తగ్గిన జీతం మీదే లెక్కేస్తారు.

ఏడాదికి నీదీ కంపెనీదీ కలిపి 60,000 వరకు వేసుకోవచ్చు. వెనక మూడేళ్ళలో వాడకుండా మిగిలింది కూడా కలుపుకోవచ్చు, కానీ నువ్వు వేసేది ఆ ఏడాది నీ సంపాదన దాటకూడదు. ఆదాయం, కంపెనీ పెన్షన్‌లో వేసేదీ కలిపి 2,60,000 దాటినవాళ్ళకి ఈ పరిమితి తగ్గుతూ వస్తుంది, నీకు ఇప్పుడు దాంతో పని లేదు.

ఇంత చెప్పినా, ఉన్నదంతా అందులో పోసెయ్యమని మాత్రం అనను. 2028 ఏప్రిల్ నుంచి 57 ఏళ్ళు నిండితే గానీ ఆ డబ్బు ముట్టుకోలేవు. నీకు ఇంకా ఇరవై ఏళ్ళ పైనే ఉంది. ఇండియా వెళ్ళిపోయినా రూలు మారదు. ముందే తీయిస్తామని ఫోన్ చేసేవాళ్ళ మాట అస్సలు వినకు, అలా తీస్తే 55 శాతం దాకా పన్ను పడుతుంది, పైగా వాళ్ళలో చాలామంది మోసగాళ్ళే. తీసుకునేటప్పుడు నాలుగో వంతుకి, అదీ 2,68,275 దాకా, పన్ను ఉండదు, మిగతాదానికి ఉంటుంది. ఇప్పుడు 60 తప్పించుకుని అప్పుడు 20 కట్టినా లాభమే కదా. కానీ ఆరు నెలల ఖర్చులకి సరిపడా చేతిలో పెట్టుకో, క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ముందు అది తీర్చు, ఆ తర్వాతే ఇది.

ట్యాక్స్ ఏడాది ఏప్రిల్ 5తో అయిపోతుంది, కానీ పేరోల్ వాళ్ళు మార్చి మొదట్లోనే తలుపులు మూసేస్తారు. బోనస్ పెన్షన్‌లోకి మళ్ళించాలంటే అది నీకు ఖాయమయ్యే ముందే రాసివ్వాలి, చేతికొచ్చాక కుదరదు. కాబట్టి జనవరిలోనే ఏప్రిల్ నుంచి వచ్చిన పేస్లిప్పులన్నీ ముందేసుకుని మిగిలిన నెలలు లెక్కేసి నాకు పంపు. ఆదివారం ఇద్దరూ కూర్చోండి, వీడియో కాల్‌లో నేనూ చూస్తాను.

మీ పెదనాన్న