కెమెరా ముందు పాఠం: పాత మాస్టారి ఉత్తరం

అమ్మాయీ,

నీ మెసేజ్ చూశాను. పదేళ్లుగా క్లాసులు చెబుతున్నా, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక 'స్వయం'కు కోర్సు రికార్డింగ్ అనేసరికి నోరెండిపోతోందని రాశావు. ఇది నీ ఒక్కదానికే వచ్చిన టెన్షన్ కాదు. 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) పాఠాలు మొదలైన నాటి నుంచీ మాస్టర్లకు ఉన్నదే.

క్లాసులో సగం పాఠం పిల్లల మొహాలే నడిపిస్తాయి. ఎవరైనా మొహం చిట్లిస్తే మళ్లీ చెబుతావు, తలలూపితే ముందుకెళ్తావు. స్టూడియోలో ఆ మొహాలుండవు, అందుకే తెలియకుండానే స్పీడు పెరిగిపోతుంది. ఎదురుగా వెయ్యిమంది ఉన్నారనుకో అని ఎవరైనా చెబితే వినకు. అలా అనుకుంటే ఉపన్యాసం మొదలవుతుంది. నీ క్లాసులో ఓ మోస్తరుగా చదివే ఒక్క పిల్లను తలుచుకో, ఆ పిల్లకే చెప్పు.

నీది ఎకనామిక్స్ కదా, డిమాండ్ వ్యాకోచత్వమే తీసుకో, అదే, ధర మారితే కొనడం ఎంత మారుతుందన్నది. "ఉప్పు ధర రెట్టింపైతే కొనడం తగ్గిస్తామా?" అని అడిగి ఊరుకో. మనసులో నెమ్మదిగా మూడు లెక్కపెట్టు. ఆ మౌనం నీకు యుగంలా ఉంటుంది గానీ, చూసేవాళ్లు ఆలోచించుకునేది అప్పుడే. ఆ తర్వాత, క్లాసులో ఏటా ఎవరో ఒకరు అడిగేది నువ్వే అడుగు: "అయితే ధర పెరిగితే కొనడం తగ్గుతుందనే డిమాండ్ సూత్రం ఉప్పుకు వర్తించదా మేడమ్?" వర్తిస్తుంది, కాకపోతే తగ్గేది చాలా తక్కువ. ఇంటి ఖర్చులో ఉప్పు వాటా ఎంతని? దాని బదులు కూరలో వేసేదేముంది? అలా విప్పుకుంటూ వెళ్లు. ఇన్నేళ్లుగా విన్న పిల్లల తప్పు జవాబులన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లు. స్క్రిప్టు కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

స్క్రిప్టు మొత్తం చదవాలని చూడకు, కళ్లు అటూ ఇటూ కదలడం ఇట్టే తెలిసిపోతుంది. మొదటి రెండు వాక్యాలు మాత్రం నోటికి పట్టు. చూపు లెన్సు మీదే ఉండాలి. నీ బొమ్మ కనిపించే మానిటర్ ఉంటే పక్కకు తిప్పేయమను, లేకపోతే పాఠం వదిలేసి జుట్టు సర్దుకుంటావు! తడబడితే "సారీ" అనొద్దు. ఆగి, ఊపిరి పీల్చుకుని, ఆ వాక్యం మొదటి నుంచి చెప్పు. మధ్యలోంచి అందుకుంటే ఎడిటింగ్‌లో అతకదు.

సన్న గళ్ల చీర వద్దు, తెర మీద అలలు అలలుగా కదులుతుంది. మైకు పైటకు పెడతారు కాబట్టి గొలుసు దానికి తగలకుండా చూసుకో, ఆ గరగర అక్కడ నీకు వినపడదు, రికార్డింగ్‌లో పడిపోతుంది.

ఇంకో మాట. పాఠాలు వరుసలోనే తీయాలన్న రూలేమీ లేదు. మొదటి రోజు నీకు బాగా పట్టున్న యూనిట్ పెట్టుకో. కోర్సు తెరవగానే అందరూ చూసే పరిచయ వీడియో మాత్రం, బెరుకంతా పోయాక ఆఖరి రోజున తీయమని అడుగు. ప్రొడ్యూసర్ కాదనడు.

ఆశీస్సులతో,
నీ పాత మాస్టారు