ఆ పిల్లగాన్ని చంపకు

హనుమకొండ,
ఆదివారం పొద్దున

బిడ్డా,

ఇద్దరు మగపిల్లల ప్రేమ మీద నువ్వు రాసిన కథ అందింది. రెండుసార్లు చదివిన. మొదటిసారి మంచం మీద ఒరిగి, రెండోసారి కూసోని, చేతిల పెన్సిల్ పట్టుకొని. పెన్సిల్ పట్టుకున్ననంటే కథ బాగలేదనుకునేవు. పనికిరాని కథకు నేను పెన్సిల్ అరగదియ్య.

ముందు బాగున్నది చెప్త. కొత్తవాడ సందుల తండ్రి జంపఖానా నేస్తుంటే, కొడుకు గడపల నిలబడి, మగ్గం చప్పుడు ఆగేదాక మాట ఎత్తకుండ ఉన్నడు చూడు, అది నువ్వు కండ్లార చూసి రాసినవు. రంగు నూలు ముట్టిన చేతులు ఎంత సబ్బు పెట్టి కడిగినా గోర్ల సందుల ఎరుపు మిగులుతదని రాసినవు. బస్సుల రాడ్డు పట్టుకున్న ఆ చేతిని చూసే రెండో పిల్లగాడు ఇతన్ని గుర్తు పట్టిండని రాసినవు. అక్కడ పెన్సిల్ కింద పెట్టిన.

ఆ తర్వాత తండ్రి నోరు తెరిచిండు. కథ పడిపోయింది.

"మన సంస్కృతిని మంటగలుపుతున్నవురా, కుటుంబ వ్యవస్థ కూలిపోతది" అంటడు నీ నేతాయన. బిడ్డా, ఇది టీవీల కూసొని కొట్లాడుకునేటోళ్ల మాట. మగ్గం గుంతల కాళ్లు పెట్టుకొని కూసున్న మనిషికి వ్యవస్థ తెల్వదు, ఇల్లు తెలుసు. కొడుకు సంగతి చెవిన పడంగనే ఆయనకు మొదలు యాదికొచ్చేది బిడ్డ పెండ్లి. రేపు పిల్లను చూడనీకి వచ్చినోళ్లు చాయ్ తాగుకుంట "పెద్దోనికి ఇంకా చెయ్యలేదేంది?" అని అడుగుతరు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకక ఆయనకు వారం దినాలు అన్నం సయించదు. రెండోది తలకొరివి. మూడోది ఎవ్వరికీ చెప్పుకోనిది: మొగుడూ పెండ్లాం మంచాన పడితే, కోడలు రాని ఇంట్ల ఇన్ని నీళ్లు ఎవరు పోస్తరని. ఈ మూడూ ఉత్త భయాలు కావు. వాటిని ఎక్కిరించినవంటే చదివేటోళ్లు ఆయన దిక్కే పోతరు, నీ దిక్కు రారు. కొడుకు మీద ఉన్న ప్రేమల సగం తండ్రి మీద కూడ పెట్టి ఆ సీను మళ్ల రాయి.

ఇంకొకటి. "స్వలింగ సంపర్కులు" అనే మాట నీ కథల పదకొండుసార్లు వచ్చింది, లెక్కపెట్టిన. పేపరోళ్లు రాస్తరు, కోర్టు కాయితాలల్ల ఉంటది. కానీ ఆ పిల్లలిద్దరు తమ గురించి తాము అట్ల అనుకుంటరా? పట్నంల ఉద్యోగం చేసేటోడైతే "గే" అనుకుంటడేమో. వాని తల్లి ఏమంటది? ఏమనదు. "ఆ పిల్లగాడు మళ్ల వచ్చిండా?" అంటది. అంతే. ఆ "మళ్ల"లనే అంతా ఉంటది.

తప్పులు కూడ చెప్పాలె. నీ కథ 2017 బతుకమ్మకు మొదలైతది. అప్పటికి ఇసొంటి సంబంధాలను నేరమనే 377 సెక్షన్ ఇంకా మెడ మీద కత్తే. ఇష్టపడ్డ ఇద్దరు పెద్దోళ్ల సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబర్ 6న. అంటే మొదటి భాగంల వీళ్లకు పోలీసు భయం ఉండాలె, లాడ్జిల పేర్లు రాసేటప్పుడు చెయ్యి వణకాలె. నువ్వేమో వేయిస్తంభాల గుడి ముంగట చేతులు పట్టుకొని తిప్పినవు. ఇగ ఆఖర్ల "కోర్టు పెండ్లికి ఒప్పుకున్నది" అని ఒక పాత్రతోని అనిపిచ్చినవు. ఒప్పుకోలే. 2023 అక్టోబర్ 17న ఐదుగురు జడ్జీలు తీర్పు చెప్పిన్రు. పెండ్లి చేసుకునుడు రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని ఐదుగురూ అన్నరు. మతంతోని పని లేకుండ పెండ్లి చేసుకోనిచ్చే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని తాము తిరగరాయలేమన్నరు. పెండ్లి కాకపోయినా వాళ్ల కలయికకు గుర్తింపు ఇయ్యాలె, పిల్లలను దత్తత తీసుకోనియ్యాలె అన్న కాడ ఇద్దరు ఒక దిక్కు, ముగ్గురు ఒక దిక్కు అయిన్రు. ముగ్గురి మాటే నిలబడ్డది. మళ్ల చూడమని వేసిన పిటిషన్లను కూడ 2025 జనవరిల కొట్టేసిన్రు. ఆ కేసుల ముందు పేరు హైదరాబాదుల ఉండేటోళ్లదే, ఢిల్లీ ముచ్చట అనుకోకు. ఆ అక్టోబర్ 17 మనకు నానబియ్యం బతుకమ్మ. నీ కథల అమ్మ బియ్యం నానబోసుకుంట ఫోన్ల ఆ వార్త వింటే ఎట్లుంటదో ఆలోచించు. కోర్టు గురించి పేజీ నింపే కంటే ఆమె చెయ్యి ఎక్కడ ఆగిందో రాయి.

రుద్రమదేవిని తీసెయ్యి. ఓరుగల్లు పిల్లలందరికీ ఈ జబ్బు ఉన్నది, ఏది రాసినా రుద్రమ దగ్గర తేలుతరు. గణపతిదేవుడు ఆమెను కొడుకు లెక్క పెంచి రుద్రదేవ మహారాజు అనిపిచ్చింది గద్దె కోసం. ఆమెకు చాళుక్య వీరభద్రుడు పెనిమిటి, బిడ్డలున్నరు. నీ కథకు ఆమె సాక్ష్యం చెప్పదు. తెస్తే వేరే పనికి తేవాలె: కొడుకుతోనే వంశం నిలుస్తదని నీ నేతాయన అన్నప్పుడు, ఇదే ఊరి గద్దె రుద్రమ బిడ్డ ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రునికి పోయిందని ఎవరన్నా ముసలాయన బీడీ ముట్టిచ్చుకుంట అనాలె. ఒక్క వాక్యం చాలు.

వేములవాడల రాజన్న, అంటే శివుని, గుడి ముచ్చట మాత్రం ఉంచు. శ్రీరామనవమి నాడు లోపల సీతారాముల కల్యాణం అవుతుంటే బయట హిజ్రాలు, దేవుని పేరు మీద విడిచిన జోగినులు త్రిశూలాలు పట్టుకొని, ఒకరి మీద ఒకరు తలంబ్రాలు పోసుకొని, రాజన్నను లగ్గం చేసుకున్నమని మురిసిపోతరు. నేను రెండుసార్లు చూసిన. జనం మొక్కుతరు, ఆశీర్వాదం అడుగుతరు. అట్లని "చూసిన్రా, మన సంప్రదాయంల అన్నీ ఉన్నయి" అని చంకలు గుద్దుకోకు. నవమి నాడు కాళ్లు మొక్కిన చెయ్యే తెల్లారి ఇల్లు కిరాయికి అడిగితే తలుపు పెడ్తది. నిజాం కాలంల, 1919ల, హిజ్రాల పేర్లు రిజిస్టర్ల ఎక్కిచ్చి, ఆడబట్ట కట్టి వీధిల ఆడినా పాడినా వారంటు లేకుండ పట్టుకపోవచ్చని చట్టం చేసిన్రు. అది మొన్న 2023 జూలైల గానీ మన హైకోర్టు కొట్టెయ్యలే. మొక్కుడూ రిజిస్టరూ రెండూ మన ఊర్లయే. రెండూ రాయి.

ఇగ నువ్వు కథతోని పాటు చీటీ మీద అడిగిన ప్రశ్న. "ఇసొంటి పెండ్లిళ్లు వస్తే మన కుటుంబ విలువలు దెబ్బతింటయా, మీరేమంటరు మేడం?"

ఏమీ కాదని నేనన. కొన్ని కదులుతయి. ఒడిబియ్యం ఎవరికి పొయ్యాలె, వరపూజకు ఎవరింటికి పోవాలె, అప్పగింతల కాడ ఎవరు ఏడ్వాలె, ఇవన్ని కొత్తగ తేల్చుకోవాలె. కానీ వరసలు కుదరవని భయపడేటోళ్లను చూస్తే నాకు నవ్వొస్తది. వరసలు కలుపుకునుడుల మనను మించినోళ్లు ఉన్నరా? కరీంనగర్ బస్సుల పక్క సీటామెను హుజూరాబాద్ రాకముందే వదినె చేసుకుంటం. అన్నతోని ఉండేటాయనను ఇంట్ల పిల్లలు కాక అంటరో, మామ అంటరో రెండు దినాల్ల వాళ్లే తేల్చుకుంటరు. పెద్దోళ్లకే పట్టాలె రెండేండ్లు.

ఆడబిడ్డలకు ఆస్తిల సమాన వాటా అని 1986ల మన రాష్ట్రంల చట్టం వచ్చినప్పుడు నేను కొత్తగ పెండ్లయిన టీచర్ను. స్టాఫ్ రూముల మగసార్లు "ఇగ అక్కాతమ్ముళ్ల బంధం ఖతం, రాఖీ ఎవడు కట్టించుకుంటడు" అన్నరు. కొన్ని ఇండ్లల్ల కోర్టు మెట్లు ఎక్కిన మాట నిజమే, మా ఇంట్లనే ఎక్కిన్రు. రాఖీలు మాత్రం ఆగలే. జోగిని చేసుడు కూడ ఒకప్పుడు సంప్రదాయమే. దాన్ని 1988ల చట్టంతోని ఆపవలసి వచ్చింది. సంప్రదాయం అన్న మాట రాసినప్పుడల్లా ఏ ఇంటిది, ఏ యేటిది అని పక్కన రాసుకో. నేనట్లనే చేస్త.

2014 ఆగస్టు 19 యాదికున్నదా? సమగ్ర కుటుంబ సర్వే. నువ్వప్పుడు బడి పిల్లగానివి. బొంబాయి నుంచి, సూరత్ నుంచి జనం బస్సుల మీద ఎక్కి ఊర్లకొచ్చిన్రు, పేరు పోతదేమోనని. మేం టీచర్లం ఇల్లిల్లు తిరిగి ఫారాలు నింపినం. నా వంతుకొచ్చిన గల్లిల ఒక చిన్న ఇల్లు, ఇద్దరు ఆడోళ్లు, నలభై దాటినోళ్లు. ఒకామె పేరు రాసిన, ఇంటి యజమాని. రెండో ఆమె పేరు రాసి, "యజమానితో సంబంధం?" అని అడిగిన. ఇద్దరూ ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. పొయ్యి మీద పాలు పొంగినయి, ఎవరూ లేవలే. "చెల్లె అని రాయున్రి మేడం" అన్నది పెద్దామె. ఇంటిపేర్లు వేరున్నయి, ఊర్లు వేరున్నయి. రాసిన. బయటకొచ్చి చెప్పులు తొడుక్కుంటుంటే లోపల రెండో ఆమె నవ్వు వినపడ్డది, ఏడుపు లెక్కనే ఉన్నది. 2024ల కేంద్రం చెప్పింది, ఇట్ల కలిసి ఉండేటోళ్లను రేషన్ కార్డుల ఒక్క ఇంటోళ్ల కిందనే లెక్కవెట్టాలె, బ్యాంకుల జాయింట్ ఖాతా తెరుచుకోవచ్చని. చదవంగనే నాకు ఆ పొంగిన పాలే మతికొచ్చినయి. ఆ ఇల్లిప్పుడు లేదు, అపార్ట్‌మెంట్ లేసింది.

ఇగ అసలు సంగతి, నీ ముగింపు. రెండో పిల్లగాన్ని కాజీపేట టేషన్ల రైలు కింద వేసినవు.

నేనూ చేసిన ఈ పని, అందుకే చెప్తున్న. మా చిన్నమ్మకు పెండ్లయినప్పుడు నేను మూడో తరగతి. చిన్నాయన గవర్నమెంటు గుమాస్తా, మెత్తటి మనిషి, కేకేసి మాట్లాడంగ వినలే. పిల్లలు కాలే. గొడ్రాలని చిన్నమ్మను శ్రీమంతాలకు పిలుచుడు బంద్ చేసిన్రు. మా అమ్మమ్మ మాత్రం మూడేండ్లకోసారి ఒడిబియ్యం పోసేది. పసుపు బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, ఐదు దోసిళ్లు. చిన్నమ్మ ఒళ్లె నుంచి కొంత తిరిగి అమ్మమ్మ కొంగుల పోస్తుంటే ఇద్దరి కండ్లల్ల నీళ్లు. పిల్లలు లేని బాధ అనుకునేదాన్ని. ప్రతి ఆదివారం కాజీపేట నుంచి చిన్నాయన దోస్తు ఒకాయన వచ్చేటోడు. పెండ్లి చేసుకోలే. మధ్యాహ్నం అన్నం తిని, చీకటి పడ్డంక సైకిల్ మీద పోయేటోడు. 1991ల చిన్నాయన పోయిండు. దినాల నాడు చుట్టాలందరి ముంగట చిన్నమ్మ లోపలికి పోయి, చిన్నాయన చేతి గడియారం తెచ్చి ఆ దోస్తు చేతిల పెట్టింది. "నువ్వు కొనిచ్చిందే గదా" అన్నది. ఎవరికీ ఏమీ అర్థం కాలే. నాకు కొంచెం అయింది.

తర్వాత చాన్నాళ్లకు, బియ్యం ఏరుకుంట చెప్పింది నాకు. "మంచోడే బిడ్డా. ఒక్కనాడు కొట్టలే. ఒక్కనాడు ముట్టలే." వాళ్ల అమ్మ ఉరేసుకుంటనని బెదిరిస్తే తాళి కట్టిండట. ఇరవై ఐదేండ్లు. ఆ ఇంటి పరువు నిలబడ్డది, వరసలన్ని కుదిరినయి, పండుగలన్ని జరిగినయి. పదహారేండ్ల పిల్ల ఒక్కతి అందుల కలిసిపోయింది. నువ్వు అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఉన్న లెక్క ఇది. నీ కథల కూడ తండ్రి ఒత్తిడికి ఒక సంబంధం కుదురుతది గదా, ఆ పిల్లకు పేరన్నా పెట్టలే నువ్వు. పెట్టు. ఆమె వచ్చి కూసుంటే కథ బరువే మారుతది.

సరే, 1994ల దాన్నే కథ రాసిన. దోస్తును ధర్మసాగర్ చెరువుల ముంచిన. అంతకంటే ఏం చెయ్యాల్నో నాకు తెల్వలే. చచ్చిపోతే చదివేటోళ్లు అయ్యో అంటరు, తిట్టరు. మెచ్చుకున్నరు కూడ. చిన్నమ్మ అద్దాలు పెట్టుకొని మొత్తం చదివింది. పుస్తకం మూసి, "ఎందుకు చంపినవే ఆయనను? మొన్న ఆదివారం కూడ జామపండ్లు తెచ్చిచ్చిపోయిండు" అన్నది.

ముప్ఫై ఏండ్లయింది, ఆ కథను నేను ఏ సంపుటిలనూ వెయ్యలే.

వచ్చే ఆదివారం మళ్ల రాసుకొని రా. ఫోన్ల పంపకు, కాయితం మీద తే. తండ్రి నేస్తున్న జంపఖానా ఒక్కరు పండేదా, ఇద్దరు పండేదా, అది కూడ చూసి రాయి, నాకు తెల్వాలె. చిన్నమ్మ ఇప్పుడు నా దగ్గరనే ఉంటున్నది. చెవులు సరిగ్గ వినపడయి, గట్టిగ చదవాలె. ఆఖరికొచ్చినంక ఆ పిల్లగాడు ఏమైండని అడుగుతది. జవాబు పట్టుకొని రా.

ఆశీస్సులతో,
మీ మేడం