వీధి దీపం ఎవరిది? బెల్టు షాపు ఎవరి బాధ్యత?

ప్రశ్న: మాది జాతీయ రహదారి పక్కన పెరిగిన ఒక పురపాలక పట్టణపు శివారు కాలనీ. సగం వీధి దీపాలు వెలగవు. మురుగు కాలువకు రెండు చోట్ల మూతలు లేవు. చీకటి పడితే ఖాళీ స్థలంలో తాగేవాళ్లు చేరుతున్నారు. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు ఆ దారి మానేసి చుట్టూ తిరిగి వస్తున్నారు. పురపాలక కార్యాలయంలో అడిగితే కరెంటు ఆఫీసుకు వెళ్లమంటారు, అక్కడ అడిగితే పోలీసులకు చెప్పమంటారు. ఇంటింటికీ చందా వేసి సీసీ కెమెరాలు పెట్టిద్దామని మా వాళ్లు అంటున్నారు. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

సమాధానం: కెమెరాల చందాను కొన్నాళ్లు ఆపమని మీ వాళ్లకు చెప్పండి. వెలుతురు లేని వీధిలో కెమెరాకు మనిషి ముఖం సరిగా అందదు. అందినా అది జరిగిపోయిన తరువాత పనికివచ్చే సాక్ష్యమే తప్ప, ఆ దారిన నడిచే పిల్లకు అప్పటికప్పుడు ధైర్యం ఇచ్చేది కాదు. ముందు దీపాలు, తరువాత కాలువ మూతలు, ఆ తరువాతే కెమెరాలు.

మిమ్మల్ని ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి తిప్పడానికి కారణం, మీరు చెప్పిన సమస్యలు నిజంగానే వేర్వేరు శాఖలవి కావడం. వీధి దీపాన్ని అమర్చడం, మాడిపోతే మార్చడం పురపాలక సంఘం పని. 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన 12వ షెడ్యూలులోని పద్దెనిమిది అంశాలలో వీధి దీపాలూ ఉన్నాయి. తీగ తెగినా, స్తంభం ఒరిగినా, విద్యుత్తు సరఫరాయే లేకపోయినా అది మీ జిల్లాలో దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ బాధ్యత. దానికి 1912కు ఫోన్ చేయాలి. చీకటిగా ఉన్నది జాతీయ రహదారి సర్వీసు రోడ్డయితే రహదారుల ప్రాధికార సంస్థ సహాయ సంఖ్య 1033. ఖాళీ స్థలం విషయంలో, బెంగళూరులోనో హైదరాబాదులోనో నిశ్చింతగా ఉన్న యజమానికి శుభ్రం చేయించమని నోటీసు ఇవ్వవలసినది పురపాలక కమిషనర్. ఆ స్థలానికి ఖాళీ స్థలాల పన్ను కట్టించుకునే కార్యాలయానికి యజమాని చిరునామా దొరకలేదంటే నమ్మనక్కరలేదు. బహిరంగంగా తాగేవారి సంగతి మాత్రం పోలీసులది. అప్పటికప్పుడు భయం కలిగితే 112కు ఫోన్ చేయండి. మామూలు రోజుల్లో వార్డు సచివాలయంలోని మహిళా పోలీసుకు చెప్పి, రాత్రి గస్తీ ఆ మలుపు దాకా వచ్చేలా చూడమని అడగండి.

కాబట్టి అన్నీ కలిపి ఒకే అర్జీ రాయకండి. అలా రాస్తే ప్రతి అధికారీ అందులో తనది కాని వాక్యాన్ని పట్టుకొని కాగితాన్ని పక్కకు తోస్తాడు. ఒక సమస్యకు ఒక అర్జీ, ఏ శాఖకు ఆ శాఖదే. కాలనీలోని ఆడవాళ్లు, పెద్దవాళ్లు పదిమంది కలిసి ఒక రాత్రి వీధులన్నీ నడిచి, వెలగని స్తంభం సంఖ్యనో, సంఖ్య లేకపోతే ఎదురింటి తలుపు సంఖ్యనో రాసుకోండి. ‘మా కాలనీలో దీపాలు లేవు’ అన్న వాక్యానికి ‘పరిశీలిస్తాం’ అన్న జవాబు వస్తుంది. ఫలానా ఏడు స్తంభాలకు దీపాలు లేవని రాస్తే ఏడు చోట్లకూ మనిషిని పంపక తప్పదు. ఆ నడకకు మీ కౌన్సిలర్‌ను కూడా పిలవండి. రాకపోయినా పిలిచిన సంగతి అందరికీ తెలియాలి. అర్జీలు వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. తీసుకున్న చర్యల వివరాలను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజులలో జవాబు ఇవ్వాలి.

నిధులు లేవన్న మాట తప్పకుండా వినిపిస్తుంది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో మురుగు కాలువల దుర్గంధం భరించలేక ఒక వార్డు ప్రజలు మేజిస్ట్రేటును ఆశ్రయించిన కేసులో, డబ్బు లేదన్న సాకుతో పురపాలక సంఘం తన ప్రాథమిక విధిని తప్పించుకోజాలదని సుప్రీంకోర్టు 1980లోనే తీర్పు చెప్పింది. ఆనాడు ఆ వార్డు ప్రజలు వాడుకున్న నిబంధనే నేడు నేర ప్రక్రియ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షనుగా ఉంది. మూతలేని కాలువ ప్రజలకు ప్రమాదకరమని దాని కింద ఆర్డీవోకు దరఖాస్తు చేయవచ్చు. అయితే అంతదాకా వెళ్లే ముందు రసీదులు మీ చేతిలో ఉండాలి.

ప్రశ్న: మా ఊరి బడికి దగ్గరలో బెల్టు షాపు నడుస్తోంది. ఫిర్యాదు చేస్తే ఊళ్లో శత్రుత్వం వస్తుందని అందరూ వెనకాడుతున్నారు. బడికి ఎంత దూరంలో ఉంటే అది తప్పు అవుతుంది?
– ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

సమాధానం: దూరం లెక్క లైసెన్సు ఉన్న మద్యం దుకాణానికి. లైసెన్సే లేని బెల్టు షాపు ఊరి పొలిమేరలో ఉన్నా నేరమే. మీ భయం మాత్రం సహేతుకమైనదే కనుక, ఒక్కరే సంతకం పెట్టకండి. పొదుపు సంఘాల మహిళలు గ్రామసభలో ఈ విషయం ఎత్తి తీర్మానం రాయించి, దాని నకలును ఎక్సైజ్ స్టేషనుకు, పోలీసు స్టేషనుకు పంపితే అది ఊరి మాట అవుతుంది. ఒక ఇంటి మీద పగ పట్టడానికి ఆస్కారం తగ్గుతుంది. మీ పొరుగు జిల్లాలోని దూబగుంటలో వయోజనుల చదువుల బడికి వచ్చిన ఆడవాళ్లు కలిసి నిలబడి సారా అంగడిని ఎదిరించడంతో మొదలైన ఉద్యమమే రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధానికి దారితీసింది. అక్కడా భర్తలతో, బంధువులతో తగవులు రాకపోలేదు.

ప్రశ్న: మా వీధిలో కుక్కలు పిల్లల వెంట పడుతున్నాయి. పట్టించి ఊరి బయట వదిలించవచ్చునా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

సమాధానం: కూడదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం స్థానిక సంస్థ వాటికి కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స, టీకా చేయించాలి; వీధిలోని ఏ కుక్కలకు అవి జరగలేదో గుర్తులు రాసి నగరపాలక సంస్థకు అర్జీ ఇవ్వండి. ఆహారం పెట్టేవారు ఉంటే, పిల్లలు ఆడుకునే చోటికి, ఇళ్ల వాకిళ్లకు దూరంగా ఒక చోటును వారితో మాట్లాడి నిర్ణయించండి. కరిస్తే గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. నాటు మందు కట్టి కాలయాపన చేయవద్దు, మొదలుపెట్టిన టీకాలను మధ్యలో మానవద్దు.