మండువా స్తంభం అడుగు పుచ్చిందా? ఇల్లు కూల్చక్కర్లేదండి

అమలాపురం దగ్గర మీ తాతగారి మండువా లోగిలిలో (నడుమ పైకప్పు లేని వాకిలి ఉండే పాత పెంకుటింట్లో) రెండు స్తంభాల అడుగు పుచ్చిందని, మేస్త్రీ మొత్తం పడగొట్టి స్లాబు వేసుకోమంటున్నాడని రాశారు కదా, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో స్తంభం అడుగు నుంచి పైదాకా జానెడుకొక చోట గట్టిగా గుచ్చి చూడండి. మెత్తగా దిగినంత మేరే పుచ్చినట్టు, చేవ (లోపలి గట్టి కలప) తగిలితే దిగదు. పాత టేకు సాధారణంగా నేలకు తగిలే చోటే పోతుంది.

పైన దూలానికి రెండు వైపులా జాకీలు పెట్టి బరువు మోయించి, పుచ్చిన ముక్క కోసేసి, దాని స్థానంలో పాత టేకు ముక్కని (పడగొట్టిన ఇళ్ల కలప అమ్మే చోట వెతకండి, అది బాగా ఆరి ఉంటుంది) సగం సగం చెక్కి ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టి బోల్టులు బిగిస్తారు. అడుగున రాతి దిమ్మ తప్పనిసరి. స్తంభం చుట్టూ సిమెంటు మాత్రం పొయ్యనివ్వకండి, తేమ లోపలే ఉండిపోయి మళ్లీ పుచ్చుతుంది, మీ ఇంట్లో జరిగింది కూడా అదేనని నా అనుమానం.

అంతకంటే ముందు మండువా చూరు పెంకులు సరిచేయించి, నీళ్లు బయటికి పోయే తూము శుభ్రం చేయించండి.

పనివాళ్ల కోసం ఫర్నిచర్ షాపుల్లో కాదు, గుళ్లలో అడగండి. 2020లో అంతర్వేది గుడి రథం కాలిపోతే 2021 ఫిబ్రవరి కల్లా కొత్తది సిద్ధమైంది. రథాలు చేసే వడ్రంగులకి ఇలాంటి అతుకులు కొత్తేమీ కాదు.