అడగండి, చెబుతాం: కిస్తీ కట్టడానికి ఇంకో అప్పు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అప్పుల గురించే. మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి దాచి, నాలుగింటికి జవాబులిస్తున్నాను. మొదటిదానికి కాస్త ఎక్కువ చోటు పట్టింది, పట్టాలి కూడా.

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. మా వదినకి డ్వాక్రా లోను ఉంది, అది కాక రెండు మైక్రోఫైనాన్స్ కంపెనీల్లో తీసుకుంది. ఒకటి గేదె కోసం, ఇంకోటి అన్నయ్యకి కాలు విరిగినప్పుడు. మూడూ కలిపి నెలకి 7,400 కడుతున్నారు. కూలి డబ్బులు, పాల డబ్బులు అన్నీ కలిపితే మంచి నెలలో 14,000 వస్తాయి. ఇప్పుడు ఇంకో కంపెనీ అతను వచ్చి 50,000 ఇస్తాం, రూపాయి వడ్డీయే, రెండేళ్లలో కట్టుకోవచ్చు, దాంతో పాత కంపెనీది తీర్చేసుకోండి అంటున్నాడు. ఆ పాతదాంట్లో ఇంకా 46,000 ఉంది, నెలకి 2,650 కడుతుంది. తీసుకోమంటారా? – ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: వద్దమ్మా. ఎందుకు వద్దో కాగితం, పెన్ను తీసుకుని మీ వదిన పక్కన కూర్చుని లెక్క వేసి చూపించండి.

ఆ అబ్బాయి చెప్పిన రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకి రూపాయి, 50,000కి నెలకి 500, రెండేళ్లకి 12,000. మొత్తం 62,000, దాన్ని 24తో భాగిస్తే నెలకి 2,583. ఇక్కడే ఉంది తిరకాసు. ఊళ్లో రూపాయి వడ్డీకి తెచ్చుకుంటే అసలు తగ్గిన కొద్దీ వడ్డీ తగ్గుతుంది. ఇక్కడ పన్నెండో నెలకి అసలులో సగం, అంటే 25,000 కట్టేసి ఉంటారు, అయినా వడ్డీ మాత్రం మొత్తం 50,000 మీదే పడుతూ ఉంటుంది. మిగిలిన అసలు మీద లెక్కేస్తే అది రూపాయి కాదు, దాదాపు రూపాయి ఎనభై పైసలు. ఏడాదికి నూటికి 21 దాటుతుంది. 'ఫ్లాటా (అంటే మొదట ఇచ్చిన మొత్తం మీదా), తగ్గే అసలు మీదా?' అని అడగండి. ఏడాది వడ్డీ శాతం ఎంతో కాగితం మీద చూపించమనండి, చూపించాల్సిన బాధ్యత వాళ్లది.

ఇప్పుడు పాతదాంతో పోల్చండి. అది నెలకి 2,650, మీరిచ్చిన అంకెల ప్రకారం అదీ దాదాపు ఇదే వడ్డీ, ఇంకో 21 నెలల్లో తీరిపోతుంది. కొత్తది నెలకి 2,583, తీరడానికి 24 నెలలు. అంటే నెలకి 67 రూపాయలు తగ్గడం కోసం మూడు నెలలు ఎక్కువ కట్టాలి. చేతిలో మిగిలే 4,000లో ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్ అని కొంత పట్టుకుంటారు. ఆ మిగిలింది పట్టుమని పది రోజులు ఉండదు.

ఇంకో సంగతి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం, ఒక కుటుంబం అన్ని అప్పులకీ కలిపి నెలకి కట్టేది ఆ కుటుంబం నెల ఆదాయంలో సగం దాటకూడదు. మీ ఇంటికి సగం అంటే 7,000. ఇప్పటికే 7,400 కడుతున్నారు, కొత్తది తీసుకుని పాతది తీర్చినా 7,333 అవుతుంది. అంటే మీ వదినకి ఆ లోను అసలు ఇవ్వకూడదు. ఇస్తానంటున్నాడంటే ఆదాయం ఎక్కువ రాసుకుంటాడన్నమాట. ఆ కాగితం మీద ఎంత రాశారో చదవకుండా మీ వదిన సంతకం పెట్టొద్దు.

మరి ఏం చేయాలి? గేదెని మాత్రం అమ్మకండి. చాలామంది చేసే తప్పు ఇదే, కిస్తీ కోసం గేదెని అమ్మేస్తారు, రెండు నెలలు ఊపిరి పీల్చుకుంటారు, మూడో నెల నుంచి పాల డబ్బులూ ఉండవు. రెండు లోన్ కార్డులూ బయటికి తీయండి (తెలుగులో ఇవ్వాలని నిబంధన ఉంది, ఇవ్వకపోతే అడగండి), ఏ లోనుకి వడ్డీ ఎక్కువో చూడండి. చీటీ పాటో, పంట డబ్బో ఏదైనా ఒకేసారి చేతికొస్తే ముందు దాన్ని తీర్చేయండి, ముందే కట్టినందుకు జరిమానా వేయకూడదు. ఒక వాయిదా ఆలస్యమైతే ఆ వాయిదా మీదే జరిమానా, మొత్తం అప్పు మీద కాదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకి రాకూడదు, ఫోన్ చేయకూడదు. బంధువులకి ఫోన్లు చేయడం, ఇంటి ముందు కూర్చుని నలుగురి ముందు మాటలనడం, ఇవన్నీ నిషేధం. ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నెల రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్, ఉన్నారు, 14448కి ఫోన్ చేస్తే ఫిర్యాదు ఎలా పెట్టాలో చెబుతారు.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట కాలు విరగడం. గేదె కోసం తీసుకున్న అప్పు పాలతో తీరుతుంది. కాలు కోసం తీసుకున్న అప్పు దేనితో తీరాలి? ఆస్పత్రి ఖర్చు మాట ఎలా ఉన్నా, మనిషి మూడు నెలలు మంచాన పడితే పోయిన కూలి ఎవరిస్తారు? అది అప్పుగా మారకూడని ఖర్చు. 2007లో ఆరోగ్యశ్రీ పెట్టినప్పుడు మన పల్లెల్లో జనం దాన్ని అంతగా పట్టుకున్నది ఇందుకే. పేదరికం తగ్గించడం అంటే నా లెక్కలో ముందు ఇదే, ఒక్క జ్వరానికో, ఒక్క విరిగిన ఎముకకో ఇల్లు అప్పులో పడకుండా చూడటం.

ప్రశ్న: బంగ్లాదేశ్‌లో మైక్రోఫైనాన్స్‌తో పేదరికం తగ్గిందని, దానికి నోబెల్ ఇచ్చారని చదివాం. మరి మన దగ్గర అదే పథకం ఆత్మహత్యల దాకా ఎందుకు వెళ్లింది? – డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: మంచి ప్రశ్న. ముహమ్మద్ యూనస్ 1976లో చిట్టగాంగ్ దగ్గర జోబ్రా అనే ఊళ్లో 42 మందికి మొత్తం కలిపి 27 డాలర్లు అప్పిచ్చి మొదలుపెట్టారు. వెదురు బుట్టలూ స్టూళ్లూ అల్లేవాళ్లు, వెదురు కొనడానికి వ్యాపారి దగ్గర అప్పు చేసి, అల్లిన సరుకంతా అతనికే అతను చెప్పిన ధరకి అమ్మాల్సి వచ్చేది. ఆ ముడి విప్పడానికి చిన్న అప్పు చాలింది. 1983లో గ్రామీణ్ బ్యాంకు అయింది, 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. గమనించండి, శాంతి బహుమతి, ఆర్థికశాస్త్రానిది కాదు. బంగ్లాదేశ్‌లో పేదరికం తగ్గడానికి బట్టల ఫ్యాక్టరీలు, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు, వరి దిగుబడులు, ఆడపిల్లల చదువు, ఇవన్నీ కారణమే. ఒక్క చిన్న అప్పుకే ఆ ఘనత కట్టబెట్టడం న్యాయం కాదు.

అప్పుతో ఏం జరుగుతుందో మన హైదరాబాద్‌లోనే చూశారు. 104 బస్తీలు తీసుకుని, లాటరీ వేసి సగం బస్తీల్లో ముందు మైక్రోఫైనాన్స్ శాఖలు తెరిపించి, తర్వాత రెండిటినీ పోల్చారు. చేసినవాళ్లలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు, 2019లో ఆర్థికశాస్త్రం నోబెల్ పంచుకున్నవాళ్లే. తేలిందేమిటంటే, అంతకుముందే వ్యాపారం ఉన్నవాళ్లు కొంత పెంచుకున్నారు, కొందరు ఇంట్లోకి వస్తువులు కొనుక్కున్నారు, టీలూ పొగాకూ మీద ఖర్చు కాస్త తగ్గించుకున్నారు. కుటుంబం మొత్తం ఖర్చు పెట్టగలిగేది పెద్దగా పెరగలేదు, పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లడంలో చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. అప్పు అందరినీ ముంచలేదు, అందరినీ గట్టెక్కించనూ లేదు.

2010కి వచ్చేసరికి మన దగ్గర ఏం జరిగిందంటే, ఒకే ఇంటికి నాలుగైదు కంపెనీలు అప్పులిచ్చాయి. పెట్టుబడిదారులకి ఏటా ఎదుగుదల చూపించాలి, ఏజెంట్‌కి నెలకి ఇన్ని లోన్లని టార్గెట్, ఇంటి ఆదాయం ఎంతని అడిగే తీరిక ఎవరికీ లేదు. ఒకామె కట్టకపోతే గ్రూపులో మిగతావాళ్లు ఆమె ఇంటి ముందు కూర్చోవాలి. నిన్నటిదాకా కూర గిన్నె ఇచ్చిపుచ్చుకున్నవాళ్లు. కట్టలేనివాళ్లు ఆ అవమానం తట్టుకోలేకపోయారు, వడ్డీ ఒక్కటే కాదు కారణం. 2010 అక్టోబర్ 15న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ కంపెనీలని కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది, వసూళ్లు దాదాపు ఆగిపోయాయి, కొత్త అప్పులూ ఆగిపోయాయి.

దానికీ ఇంకో వైపు ఉంది, అది దాచిపెట్టి చెప్పలేను. ఇక్కడ నష్టపోయిన కంపెనీలు వేరే రాష్ట్రాల్లోనూ అప్పులు తగ్గించేశాయి. అలా తగ్గిన జిల్లాల్లో కూలి రేట్లూ కుటుంబాల ఖర్చూ పడిపోయాయని తర్వాత జరిగిన పరిశోధనలో తేలింది. అప్పు మొత్తానికే చెడ్డదని ఒక్క రాత్రిలో కుళాయి కట్టేసినా దెబ్బ తగిలేది కూలివాళ్లకే. అందుకే సగం ఆదాయం నిబంధన లాంటిది కంపెనీలు పుట్టినప్పుడే ఉండాల్సింది, 2022 దాకా ఆగడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ప్రశ్న: ఉచితంగా ఇస్తే జనం పని మానేసి సోమరులవుతారు. అప్పు అయితే బాధ్యత ఉంటుంది కదా? – ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఈ మాట చాలామంది అంటారు, కానీ లెక్కలు అలా చెప్పడం లేదు. ఆరు దేశాల్లో పేదలకి డబ్బిచ్చిన ఏడు పథకాలను కలిపి పరిశీలిస్తే, డబ్బు అందినవాళ్లు పని మానేసినట్టు గానీ తగ్గించుకున్నట్టు గానీ ఆధారం దొరకలేదు.

బంగ్లాదేశ్‌లోనే బ్రాక్ అనే సంస్థ 2002లో ఒక పథకం పెట్టింది. నిరుపేదలకి అప్పు ఇస్తే మునిగిపోతారని వాళ్లకి అనుభవంలో తెలిసింది. అందుకే ఆవునో మేకలనో ఉచితంగా ఇచ్చారు, అవి ఆదాయం ఇచ్చేదాకా తిండికి కొన్నాళ్లు డబ్బిచ్చారు, మేపడం నేర్పారు, పొదుపు చేయించారు, దాదాపు రెండేళ్లు క్రమం తప్పకుండా ఇంటికి వచ్చి చూశారు. ఇథియోపియా, ఘనా, హోండురస్, పాకిస్తాన్, పెరూ, మన పశ్చిమ బెంగాల్, ఈ ఆరు చోట్ల పది వేలకి పైగా కుటుంబాల మీద పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. పథకం ముగిసి ఏడాదైనా తిండీ ఆదాయమూ మెరుగ్గానే ఉన్నాయి. బెంగాల్‌లో పదేళ్ల తర్వాత చూసినా నిలిచి ఉంది.

అదే తరహా పథకం మన మెదక్ జిల్లాలోనూ పెట్టారు. ఇక్కడ మాత్రం పథకం అందినవాళ్లకీ అందనివాళ్లకీ చివరికి తేడా కనపడలేదు! నాకు అన్నిటికంటే విలువైన పాఠం ఇదే అనిపిస్తుంది. పథకం అందనివాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు, అప్పట్లో అక్కడ కూలి రేట్లు పెరుగుతున్నాయి, వాళ్లు కూలికి వెళ్లి సంపాదించుకున్నారు. అందినవాళ్లు గేదెలు చూసుకోవడానికి కూలి తగ్గించుకున్నారు. పాలతో వచ్చింది, కూలితో పోయింది.

కూలి రేటుకి అంత బలం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 150కి పైగా మండలాల్లో ఇంకో పెద్ద పరీక్ష జరిగింది, ఉపాధి హామీ డబ్బు వేలిముద్ర స్మార్ట్ కార్డుల ద్వారా ఇచ్చి, ఏ మండలంలో ముందు పెట్టాలో లాటరీతో తేల్చారు. కార్డులు ముందు వచ్చిన మండలాల్లో డబ్బు త్వరగా అందింది, మధ్యలో తినేయడం తగ్గింది, పేద కుటుంబాల సంపాదన నూటికి పదికి పైగా పెరిగింది. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం ఉపాధి పని నుంచి కాదు, రైతుల దగ్గరా మేస్త్రీల దగ్గరా కూలి పెరగడం వల్ల వచ్చింది. కరువు పని ఉందంటే కూలి మనిషి 'ఇంతకి రాను' అనగలుగుతాడు. ఇందులో సోమరితనం ఎక్కడుందో మీరే చెప్పండి సార్.

ప్రశ్న: డ్వాక్రా సంఘాలు ఇన్ని ఉండగా ఆడవాళ్లు కంపెనీల దగ్గరికి ఎందుకు వెళ్తారు? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మీ జిల్లా నుంచే ఈ ప్రశ్న రావడం నాకు ఇష్టంగా ఉంది. దూబగుంట రోశమ్మ వాళ్లు సారా మీద తిరగబడిన తర్వాత, రోజుకి రూపాయి చొప్పున పొదుపు లక్ష్మి మొదలైంది మీ నెల్లూరులోనే. మా అమ్మ కూడా రోజూ పాల డబ్బులో ఒక రూపాయి తీసి పసుపు డబ్బా వెనక పెట్టేది, నెలకి ముప్పై అయ్యాక సంఘానికి తీసుకెళ్లేది. ఆ ముప్పైలో ఒక్క రూపాయి తగ్గినా పక్కింటామె దగ్గర అడిగి తెచ్చేది, మాకు మాత్రం ఇచ్చేది కాదు.

వెళ్లేది వడ్డీ తెలియక కాదండి. సంఘానికి బ్యాంకు లోను రావాలంటే తీర్మానం రాయాలి, పాత లోను తీరాలి, అందరూ సంతకాలు పెట్టాలి, బ్యాంకు మేనేజరు ఒప్పుకోవాలి. వచ్చినా అందరికీ సమానంగా పంచుతారు, ఎవరికి ఎంత అవసరమో అని కాదు. కంపెనీ అబ్బాయి బండి మీద గుమ్మంలోకే వస్తాడు. 2011లో సంఘాల ఆడవాళ్లకి అప్పులివ్వడానికి స్త్రీనిధి అనే సహకార సంస్థ పెట్టింది ఈ ఆలస్యం తగ్గించడానికే, అర్జంటుగా కావాలంటే 48 గంటల్లో ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. మీ గ్రామ సంఘంలో అది సరిగా నడుస్తోందా, ఎవరికి ఇస్తున్నారు, ఎన్నాళ్లకి వస్తోంది, వచ్చే మీటింగులో మీ ఇంట్లోవాళ్లతో ఒకసారి అడిగించండి. సమాధానం వస్తే మాకూ రాయండి, వేస్తాం.